నేను చదును చేసిన తాబేలు కొండ

సముద్రం అడుగుని ఇరవై ఎనిమిదేళ్ళు కొలిచాను. ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. ఈ మాట చెబితే మా నరసన్నపేట కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వండి నాయనా, నాకేం కోపం లేదు. మీ డాక్టరు మాత్రం మీ గుండెకాయని బయటికి తీసి చూశాడా ఏమిటి?

మొన్న డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చి, వాళ్ళ పత్రిక కోసం నా ఉద్యోగంలో నేను సాధించిన గొప్ప విషయం ఏదైనా రాసిమ్మన్నారు. గొప్ప విషయాలు రాయడానికి చాలామంది ఉన్నారు. నేను చేసిన ఒక వెధవ పని గురించి రాస్తాను. చదివితే మీకే మంచిది, చదవకపోతే మీ ఖర్మ.

మాది నరసన్నపేట పక్కన పల్లె. మా నాన్న నలుగురి పొలాల్లోనూ దమ్ము పనికి వెళ్ళేవాడు. దమ్ము పట్టాక మడిలో చెక్క లాగి చదును చెయ్యడంలో ఆయనకి చుట్టుపక్కల పేరు. ఎత్తున్న చోట కలుపు మొలుస్తుంది, పల్లం ఉన్న చోట నారు మునిగిపోతుంది. "నీల్లు అద్దంలాగ పరుసుకోవాల్రా" అనేవాడు. నా చేతికి మొదట వచ్చిన విద్య అదే. వంకర కనబడితే చాలు, చెయ్యి ఊరుకోదు.

ఆదివారం మాత్రం నాన్న తెల్లచొక్కా వేసుకుని బాప్టిస్టు చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. మా చర్చిలో సాక్ష్యం చెప్పడం అని ఒక అలవాటుంది. ఎవరో ఒకరు లేచి నిలబడి, తమ జీవితంలో జరిగిన సంగతిని, తాము చేసిన తప్పుతో సహా, అందరి ముందూ చెబుతారు. చిన్నప్పుడు నాకు అదంటే హడల్. నన్నెక్కడ లేవమంటారోనని పైకప్పుకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఉద్యోగంలో నా పని లోతు కొలిచే యంత్రం దగ్గర. ఓడ అడుగు నుంచి నీళ్ళలోకి శబ్దం పంపుతాం. అది నేలకి తగిలి తిరిగొచ్చిన వేళని బట్టి లోతు తెలుస్తుంది. ఒక్కో దెబ్బకి ఓడకి అటూ ఇటూ వందల చోట్ల లోతులు వస్తాయి. అందులో చెత్త కూడా వస్తుంది. ఆ చెత్త ఏరి పారేసి శుభ్రమైన పటం ఇవ్వడం నా బాధ్యత. మొదటి పదేళ్ళూ ఓడరేవుల్లో చేశాను. అక్కడ పటంలో ఓడ నడిచిన దారి వెంట గీతలు పడ్డాయంటే, నీటిలో వేడీ చలవా సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని అర్థం. గీతలున్న పటం ఇస్తే పై అధికారి మొహాన కొట్టేవాడు. అలా నాలుగుసార్లు మొహాన కొట్టించుకున్నాక గీత కనిపిస్తే తుడిచెయ్యడం నాకు తుమ్ము వచ్చినంత సహజమైపోయింది.

తర్వాత నన్ను పరిశోధన ఓడకి మార్చారు. నేను చెప్పబోయేది హిందూ మహాసముద్రం నడిబొడ్డున జరిగిన యాత్ర. ఒడ్డు వదిలి మూడు వారాలు దాటింది. మా కింద నీళ్ళలో ఒక పెద్ద కొండల వరస ఉంది. అక్కడ నేల రెండు పక్కలకీ విడిపోతూ ఉంటుంది, మన గోరు పెరిగినంత నిదానంగా. విడిపోయిన సందులోకి కింద నుంచి కరిగిన రాయి వచ్చి గడ్డకట్టి కొత్త నేల అవుతుంది. ఇంతవరకు మీ పాఠంలో ఉండేదే.

పాఠంలో చెప్పనిది పగుళ్ళ సంగతి. పుస్తకాల్లో భ్రంశం అంటారు, ఓడ మీద ఫాల్ట్ అనేవాళ్ళం, నేను పగులు అంటాను. కరిగిన రాయి ధారాళంగా వచ్చే చోట, లాగుడుకి నేల విరిగి ఒక పగులు కొంత జారి ఆగిపోతుంది. దాని పక్కన ఇంకోటి పుడుతుంది. అలా మెట్లు మెట్లుగా, వరసలు వరసలుగా కొండలు లేస్తాయి. కరిగిన రాయి తక్కువైన చోట అలా కాదు. పుట్టిన పగులు ఆగదు. లక్షల ఏళ్ళు అదొక్కటే జారుతూ ఉంటుంది. లోపల ఎక్కడో లోతున ఉండాల్సిన రాయి ఆ పగులు వెంట బయటికి వచ్చి, వంగి, గుండ్రటి మూపురం అవుతుంది. జారేటప్పుడు ఒరుసుకున్న గీతలు దాని వీపు మీద మిగిలిపోతాయి.

ఇదంతా ఆ వెధవ పని చేసిన రోజుకి నాకు తెలియదు. తర్వాత నాకు చెప్పింది విజయనగరం నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని. ఓడంతటికీ చిన్నది, బక్కపలచగా ఉండేది, మొదటి వారమంతా వాంతులతో లేవలేదు. లేచాక మాత్రం నా కంప్యూటరు పక్కన కుర్చీ వేసుకుని కదల్లేదు. నన్ను "మాస్టారండీ" అనేది. నేను ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు, అయినా ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

నాకు ఇంకో తోడు విన్చి నడిపే ఆపరేటరు. నీళ్ళలోకి కిలోమీటర్ల కొద్దీ ఇనప తాడు వదిలి, చివర గొలుసుల సంచీ కట్టి నేల మీద ఈడ్చి రాళ్ళు పైకి తెచ్చే యంత్రం అతనిది. భావనపాడు మత్స్యకారుల కుటుంబం. పరిచయమైన రెండో రోజే నన్ను బావని చేసేశాడు.

ఒక రోజు మూపురంలాంటి కొండ మీదుగా ఓడ నడిచింది. లోతులు వచ్చాయి. తెర మీద కొండ వీపు నిండా గీతలే. అవి ఓడ నడిచిన దిక్కునే ఉన్నాయి. "ఓర్నీ, మళ్ళీ మొదలైంది" అనుకున్నాను. నీటి వేడి లెక్క సరిచూశాను, పోలేదు. చెయ్యి ఊరుకోదని చెప్పాను కదా. సాయంత్రానికల్లా ఒక్కో గీతా పట్టి చదును చేసి, నున్నటి కొండని అందరికీ కనబడేలా గోడకి అంటించాను. ముఖ్య శాస్త్రవేత్త, మేం పెద్దాయన అనేవాళ్ళం, చూసి భుజం తట్టాడు. ఎవరినీ మెచ్చుకోని మనిషి. నేను ఆ పూట పప్పన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

మా విన్చి బావ టీ గ్లాసులు పట్టుకొచ్చి పటం చూశాడు. "ఏటి బావా, మన శ్రీకూర్మంలో సామిలాగున్నాదీ కొండ? తాబేలు డిప్పే!" అన్నాడు. అప్పటినుంచి ఓడలో అందరూ దాన్ని తాబేలు అనడం మొదలుపెట్టారు.

మూడు రోజుల తర్వాత ఉదయం మీటింగులో గొడవ వచ్చింది. ఆ రోజు పనులు పోను యాత్రలో ఇక ఒక్క పగలే మిగిలింది. మర్నాడు పొద్దుగూకేసరికి ఓడ వెనక్కి తిరగాలి. గొలుసుల సంచీ ఒక్కసారి వెయ్యడానికే వ్యవధి ఉంది. దాన్ని లోయలో ఉన్న ఒక అగ్నిపర్వతం మీద వేద్దామని పెద్దాయన నిర్ణయం. మా విజయనగరం అమ్మాయి లేచి, తాబేలు మీద వెయ్యమని అడిగింది.

"అది మామూలు అగ్నిపర్వతం కాదండి. ఒకే పగులు చాలాకాలం జారి లోపలి రాయిని బయటికి తెచ్చింది. ఇక్కడ నేల ఎలా విడిపోతోందో ఆ రాయే చెబుతుంది. నేను ఇంత దూరం వచ్చింది దాని కోసమే" అంది. ఆమె పరిశోధన మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. ఇలాంటి ఓడ ఆమెకి మళ్ళీ ఎన్నేళ్ళకి దొరుకుతుందో ఎవరికీ తెలియదు.

పెద్దాయన తెలుగువాడు కాదు. ఆయన అన్నది నా భాషలో చెబుతున్నాను. "అమ్మా, నువ్వు చెప్పే కొండలకి లాగిన దిక్కున గీతలుండాలి. అది నువ్వే రాశావు. ఈ పటం చూడు, ఎంత నున్నగా ఉందో. గీతలేవి?"

ఆ అమ్మాయి పటం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది, సాయం చేస్తానేమోనని. నేను పైకప్పుకేసి చూశాను. ఆమె కాగితాలు సర్దుకుని కూర్చుంది. మీటింగు అయిపోయింది.

గీతలు తుడవడం తెలియక చేశాను. నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం తెలిసే చేశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గేస్తుంది, ఎందుకు దాచుకోవాలి? భుజం తట్టిన చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది మరి. పైగా పదోన్నతి కాగితాలు పైకి వెళ్ళి ఉన్నాయి.

మధ్యాహ్నం టీ వేళ విన్చి బావని లోపలికి పిలిచి తలుపు వేశాను. తుడవకముందు దాచిన అసలు లోతుల్ని తెర మీద పెట్టాను. జరిగింది చెప్పాను. అతను టీ తాగడం మర్చిపోయి చూశాడు.

"ఓలమ్మో! మీ అయ్య మడి సదును సేసినట్టు సముద్రాన్ని సదును సేసీసినావేటి బావా?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. ఇవి చెత్త గీతలా, నిజం గీతలా? నాకు తెలియడం లేదు."

"నానేటి సెప్పగలను, సదువుకున్నోడివి నువ్వు." వేలితో తెర మీద గీశాడు. "మా ఊల్లో పడవని ఒడ్డుకి ఈడుస్తాం. ఇసకలో దాని అడుగు గీతలు పడతాయి. ఎటు ఈడిస్తే అటే ఉంటాయవి. నువ్వు పక్కనించొచ్చి సూసినా, ఎదరనించొచ్చి సూసినా అవి కదల్తాయేటి? నీ ఓడ వల్లొచ్చిన గీతలైతే నీ ఓడతోటే తిరుగుతాయి. అడ్డంగా నడిపి సూడు, తేలిపోతాది."

అంత చదువు చదివి నాకు తట్టనిది అదే. మేం ఆ కొండ మీద ఎప్పుడూ ఒకే దిక్కున నడిచాం. నేల విడిపోయే దిక్కూ అదే. కొండ గీతలూ, ఓడ గీతలూ ఒకే వైపు ఉంటే వేరు చేసేదెలా? ఓడని అడ్డంగా తిప్పాలి. తిప్పమని పెద్దాయనని అడగాలంటే, ఎందుకో చెప్పాలి.

"సెప్పీ బావా" అన్నాడు అతను. "ఆ గుంట మొకం సూసినావా పొద్దున? సెప్పకపోతే నీకు కూడు దిగుతాదేటి?"

నిజంగానే ఆ పూట నాకు కూడు దిగలేదు.

మర్నాడు తెల్లవారి మీటింగు మొదలవ్వగానే నేను లేచి నిలబడ్డాను. "గోడ మీద ఉన్న పటం తప్పు. ఆ కొండ మీద గీతలున్నాయి. చెత్త అనుకుని నేనే తుడిచేశాను. నిన్న మీటింగులోనే నాకు అనుమానం వచ్చింది, భయపడి చెప్పలేదు. అసలు లోతులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అన్నాను. మూడు ముక్కల్లో చెబుదామనుకున్నది ముప్పై ముక్కలైంది.

పెద్దాయన మొహం కందగడ్డ అయింది. "నిన్న ఈ అమ్మాయిని నలుగురిలో నిలబెట్టి గీతలేవి అని అడిగాను. నువ్వు ఇక్కడే ఉన్నావు" అన్నాడు. నేను ఉన్నానన్నాను.

"సరే. ఆ గీతలు ఓడవి కావని రుజువేమిటి?"

అడ్డంగా నడపమన్నాను. ఓడ తిరిగితే గీతలు కూడా తిరిగాయా, అవి నా యంత్రం చెత్త. తిరక్కపోతే అవి కొండవే.

ఆయన గడియారం చూశాడు. తాబేలు మీదకి వెళ్ళి అడ్డంగా నడిస్తే మధ్యాహ్నం అవుతుంది. ఆపైన లోయలోని అగ్నిపర్వతానికి వెళ్ళే వ్యవధి ఉండదు. అంటే నా మాట తప్పయితే ఈ యాత్రలో చివరి సంచీ వెయ్యకుండానే ఇంటికి పోవాలి. ఆయన సొంత పరిశోధనకి కావలసిన రాళ్ళు ఆ లోయలో ఉన్నాయి.

"నువ్వు తప్పయితే?" అన్నాడు.

"తప్పయితే నా పేరుతో రాసి, సంతకం పెట్టి ఇస్తాను. నా మాట మీద చివరి పగలు పాడైందని."

ఆయన కెప్టెన్‌కి ఫోను చేసి ఓడ తిప్పమన్నాడు.

బయటికి వస్తుంటే విన్చి బావ నడవాలో తగిలి గుసగుసగా అన్నాడు: "సర్చిలో సాక్ష్యం సెప్పినట్టు సెప్పీసినావంట! ఓడంతా టముకేసీసినారు." నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు, చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయాడు.

నీటి వేడి కొత్తగా కొలిచాను, ఆ వంక కూడా మిగలకూడదని. తొమ్మిది గంటలకి ఓడ తాబేలు అంచుకి చేరి అడ్డంగా కదిలింది. ఆ అమ్మాయి వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కుర్చీ వేసుకుంది. నా మీద కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"క్షమించమ్మా" అన్నాను.

"ముందు తెర సూడండి మాస్టారండీ" అంది. గొంతు గట్టిగానే ఉంది గాని, చేతిలో పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది.

మొదటి అరగంట ఏమీ లేదు, బురద నేల. తర్వాత కొండ లేవడం మొదలైంది. ఒక గట్టు వచ్చింది. దాటగానే చిన్న పల్లం. మళ్ళీ గట్టు. మళ్ళీ పల్లం. ఒక్కోటి ఓడకి అడ్డంగా, తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా, తిన్నగా. నేను చెయ్యి మౌసు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఓడ తిరిగింది. గీతలు తిరగలేదు.

పెద్దాయన ఎప్పుడు వచ్చి మా వెనక నిలబడ్డాడో తెలియదు. రెండో వరస కూడా అయ్యేదాకా కదల్లేదు. చివరికి ఆ అమ్మాయితో "సంచీ ఎక్కడ వెయ్యాలో నువ్వు చెప్పు" అన్నాడు. ఆమె పెన్నుతో చూపించింది. ముందే అనుకుని పెట్టుకున్న చోటు అది, కాస్త కూడా తడబడలేదు.

మధ్యాహ్నం సంచీ దిగింది. గంటన్నర పట్టింది నేల తగలడానికి. కొండ వాలున ఈడుస్తుంటే ఒక్కసారిగా తాడు బిగుసుకుంది. బరువు చూపించే ముల్లు ఎర్రగీతకి వెళ్ళిపోయింది. తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, మనిషి రెండు ముక్కలవుతాడు. వెనక డెక్కు ఖాళీ చేయించారు. తాడు కోసేద్దామని పైనుంచి మాట వచ్చింది. విన్చి బావ తన గదిలోంచి ఫోనులో అరిచాడు, తెలుగులోనే: "కొయ్యకండి! కసింత ఆగండి! ఓడని ఎనక్కి తీసుకెల్లండి, అదే ఒగ్గెస్తాది!" ఎవరికి ఎంత అర్థమైందో గాని, కెప్టెన్ ఓడని వెనక్కి నడిపాడు. విన్చి బావ వేళ్ళతో మీట తోస్తూ తాడు వదులు చేస్తూ, బిగిస్తూ, మళ్ళీ వదులు చేస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ముల్లు ఒక్క కుదుపుతో వెనక్కి పడింది.

పొద్దు వాలుతుంటే సంచీ పైకి వచ్చింది. నిండా తెల్లటి బురద. గొట్టంతో కడిగితే నాలుగే నాలుగు రాళ్ళు. మామూలుగా అక్కడ దొరికే నల్లరాయి కాదు. ఆకుపచ్చ రాయి, ముట్టుకుంటే జారిపోతుంది.

"ఇదేటిది, సబ్బుముక్కలాగున్నాది?" అన్నాడు విన్చి బావ.

"కిందది అన్నయ్యా! చాలా కిందది!" అని ఆ అమ్మాయి డెక్కు మీద చతికిలబడి, పెద్ద రాయిని ఒళ్ళోకి తీసుకుని భోరుమంది. బట్టలన్నీ బురద. కాసేపటికి కళ్ళు తుడుచుకుని రాయి తిప్పి నాకు ఇచ్చింది. ఒక పక్క అద్దంలా అరిగిపోయి ఉంది. దాని మీద సన్నగా, ఒకే దిక్కున, పక్కపక్కనే గీతలు. బొటనవేలితో రాస్తే తగులుతున్నాయి. మళ్ళీ మళ్ళీ రాశాను. తుడిస్తే పోయేవి కావు అవి.

తిరుగు ప్రయాణంలో యాత్ర నివేదిక రాశారు. పెద్దాయన నన్ను పిలిచి, "మొదటి పటంలోని లోపాలు తర్వాత సవరించబడ్డాయి అని రాస్తున్నాను. సరిపోతుంది కదా" అన్నాడు. ఆయన నా మంచికే అన్నాడు. నాకు పదోన్నతి ఉందని ఆయనకి తెలుసు. ఆ వాక్యంలో నేను లేను, నా చెయ్యి లేదు. దానంతట అదే లోపం వచ్చి, దానంతట అదే సవరించుకుంది.

నేను కాగితం తీసుకుని రాశాను: ఈ కొండ మీది గీతలను యంత్రం లోపంగా భావించి నేను తొలగించాను. పరిశోధకురాలు చెప్పిందే సరైనది. కింద నా సంతకం. పెద్దాయన రెండుసార్లు చదివి, "పిచ్చివాడివి" అన్నాడు. కాని చేర్చాడు.

ఆ ఏడాది పదోన్నతి ఇంటర్వ్యూలో ఆ రెండు వాక్యాలే నాకు చదివి వినిపించారు. రాలేదు. మరుసటేడు కూడా రాలేదు. బాధపడలేదని కోతలు కొయ్యను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఎనిమిదో రోజు "రాసీసినావు, ఇంకేటి సేస్తావు, తిను" అంది. నేను తిన్నాను.

ఏడేళ్ళు గడిచాయి. ఇంకో యాత్రకి మనుషుల జాబితా వచ్చింది. అందులో నా పేరు పైనే ఉంది. ముఖ్య శాస్త్రవేత్త పేరు చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మా విజయనగరం అమ్మాయే.

ఓడ ఆ కొండల వరస మీదకి చేరిన రోజు ఆమె యంత్రం గదికి వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. ఇప్పుడు అందరూ ఆమెకి లేచి నిలబడుతున్నారు, నేనూ లేచాను. "కూకోండి మాస్టారండీ" అని తనే పాత అలవాటుగా పక్కన కుర్చీ లాక్కుంది. కొత్త కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే చురుకైనవాళ్ళు, నాకు రాని కొత్త పద్ధతులు వచ్చినవాళ్ళు. ఉండబట్టలేక అడిగేశాను.

"నీ కొండని తుడిచేసినవాణ్ణి ఏరి కోరి ఎందుకు పిలిపించావమ్మా?"

ఆమె నవ్వలేదు. "తుడిసినోల్లు ప్రతీ ఓడలోనూ ఉంటారండి. నాను సూసినోల్లలో రాసినోరు మీరొక్కరే" అంది.

నేను తెర వైపు తిరిగాను. మొదటి లోతులు అప్పుడే వస్తున్నాయి. కొండ ఒకటి లేస్తోంది, దాని మీద గీతలు. నేను మౌసు ముట్టుకోలేదు. ఫోను తీసి కెప్టెన్‌తో, ముందు ఓడని అడ్డంగా తిప్పమని చెప్పాను.